గంజితల్లి పాఠంలో ఖాళీ

తొమ్మిదో తరగతి తెలుగు ఉపవాచకంలో ‘గంజితల్లి’ అని ఓ పాఠం ఉంది. రాజధానిలో ఓ పండితసంఘం ఏసీ గదిలో కూర్చుని, జీడిపప్పు పకోడీ తింటూ రాసిన పాఠం అది. కథంటూ పెద్దగా ఏమీ లేదు. కరువొస్తుంది. సింగారమ్మ అనే ముసలావిడ దారినపోయే బాటసారులందరికీ గంజి పోస్తుంది. కుండ అడుగంటుతుంది. ఆఖరి ముంత తాను తాగబోయేవేళకి ఇంకో బాటసారి వస్తాడు. అదీ వాడి దోసిట్లో పోసేసి, కుండకి ఆనుకుని, చిరునవ్వుతో కన్ను మూస్తుంది. దాని కింద ప్రశ్న: ‘సింగారమ్మ పాత్ర స్వభావాన్ని వివరించండి.’ ఎనిమిది మార్కులు. జవాబు కూడా పైనుంచే వచ్చింది. దయాశీలి, మితభాషి, శాంతమూర్తి, త్యాగమూర్తి. గుణానికి రెండు మార్కులు.

జీడివలస హైస్కూల్లో తెలుగు పండితుడు కూర్మారావు ఈ పాఠం చెప్పడంలో చెయ్యి తిరిగిన మనిషి. ‘కుండ అడుగంటినది’ అనే వాక్యం దగ్గరికి రాగానే గొంతు తగ్గించేవాడు. కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. ఆ కాస్త తడీ ఏటా అదే వాక్యం దగ్గర, అదే కంట్లో వచ్చేది. పిల్లలు కూడా అలవాటుపడి, మేష్టారి కన్ను తడిసిందంటే భోజనాల గంట దగ్గరపడిందని పళ్లేలు సర్దుకునేవారు.

ఆ ఏడు కూడా అలాగే చదువుతున్నాడు. కిటికీ అవతల రేకుల షెడ్డులో పైడమ్మ పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండుతోంది. గుమ్మడికాయ, ములక్కాడ వేసిన సాంబారు తెర్లుతోంది. ఆవిడ సరిగ్గా ఆ వాక్యం దగ్గరే తాలింపు పెట్టింది. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు కలిసి కిటికీలోంచి లోపలికొచ్చి తెరిచి ఉన్న పుస్తకం మీద వాలాయి.

పేజీలోంచి ముందు ఓ ముడతల చెయ్యి వచ్చింది. తర్వాత మోచెయ్యి. తర్వాత నెరిసిన ముడి, ముక్కుకి అడ్డబాస. పండితులవారి బల్ల మీద మోకాలు ఆనించి, “హమ్మయ్య” అంటూ ఓ ముసలావిడ కిందికి దిగింది.

“నాయనా! ఈ సుగంధము ఎచ్చటినుండి వచ్చుచున్నది?” అని అడిగింది.

పండితసంఘం ఆమె చేత అలాగే మాట్లాడించింది మరి. కూర్మారావు చూపుడువేలు కిటికీ వైపు చూపించింది. పిల్లలకి ఇదేం పెద్ద వింతగా తోచలేదు. బడికి ఎవరెవరో వస్తుంటారు, చూసి పోతుంటారు. వరసలో ఆవిడకి చోటిచ్చి, ఓ పళ్లెం చేతికిచ్చారు.

మొదటి ముద్ద మింగేసరికి ఆవిడ నోట్లో పండితసంఘం భాష కరిగిపోయింది. రెండో ముద్దకి సొంత గొంతు వచ్చేసింది.

“ఓలమ్మా, ఉప్పు కూసింత తగ్గినాది గానీ పేనం లేచొచ్చిందే! ఏ ఊరే నీది?”

“నువ్వెవరివమ్మా?” అంది పైడమ్మ గరిటె పట్టుకుని.

“సింగారమ్మని. ఆ పొత్తకంలో ఉంటాను. పదేళ్లనించీ గంజి కాస్తన్నాను గానీ ఒక్క గుక్క నా గొంతులోకి దిగనిచ్చినారు కాదు. నాను ముంతెత్తడం, ఆ సచ్చినోడెవడో రావడం! రోజూ అదే ఏలకొస్తాడు, గడియారం కట్టుకున్నట్టు!”

కూర్మారావు ఎదురుగా నిలబడి అంతా విన్నాడు. మితభాషి అని నల్లబల్ల మీద రాసిన సుద్ద ఇంకా అతని వేళ్లకి అంటుకునే ఉంది. ఆవిడ మూడోసారి సాంబారు పోయించుకుని, వరసలో తోసుకుంటున్న ఓ కుర్రాణ్ని “ఒరే బండెదవా, ఎనక్కెల్లు” అని కసిరింది. దాంతో శాంతమూర్తి కూడా పోయినట్టేనని అతనికి అర్థమైంది.

హెడ్మాస్టరు సన్యాసిరావుగారు ఉద్యోగం మొదలుపెట్టిన నాటినుంచీ ‘పైనుంచి ఏమైనా వస్తే’ అనే ఒక్క భయంతోనే బతుకుతున్నారు. విషయం వినగానే కుర్చీలో కూలబడ్డారు.

“ఈవిణ్ని నేను ఏ కాలమ్‌లో చూపించనయ్యా కూర్మారావూ? స్టూడెంటా? స్టాఫా? విజిటరా?”

“పాత్ర సార్.”

“పాత్రలు స్టాకులో ఉంటాయయ్యా! గుండిగలు రెండు, బేసిన్లు నాలుగు! అందులో రాస్తే ఆడిటోడు తూకం వేసి చూపించమంటాడు!”

దాచేద్దామనుకున్నారు. కానీ దాచే వీలు లేకపోయింది. ఆవిడ జీడివలస పుస్తకం ఒక్కదాన్నుంచే రాలేదు. రాష్ట్రంలో ఉన్న ప్రతి ఉపవాచకంలోనూ ఆ జాగా ఖాళీ అయిపోయింది. బాటసారులు వస్తున్నారు, “అమ్మా, గంజి” అంటున్నారు, పలికే దిక్కు లేదు. కాసేపు చూసి అరుగు మీద కూర్చుంటున్నారు. ఏ బడిలో తెరిచినా పాఠం నిండా వాళ్ల ఆవలింతలే. పక్క జిల్లాలో ఓ పిల్ల పాఠం గట్టిగా చదివితే బాటసారులు పేకముక్కలు పంచుకుంటున్నట్టు వచ్చిందట. పాఠ్యపుస్తకంలో జూదమా అని అక్కడి తల్లిదండ్రుల కమిటీ ధర్నా చేసింది.

పైనుంచి వచ్చేసింది.

‘జీడివలస ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుల వారికి తెలియజేయడమేమనగా, గంజితల్లి పాఠమునందు విధులు నిర్వర్తించుచున్న సింగారమ్మ అను పాత్ర ముందస్తు అనుమతి లేకుండా పాఠమును విడిచి తమ ప్రాంగణమునందు భుజించుచున్నట్లు ప్రభుత్వము దృష్టికి వచ్చినది. అర్ధసంవత్సర పరీక్ష ప్రశ్నపత్రములు ఇప్పటికే ముద్రింపబడినందున, సదరు పాత్రను పరీక్షకు మునుపే పాఠమునందు చేర్పించి, చివరి వాక్యము యథాతథముగా నెరవేరునట్లు చూడవలెను. విఫలమైనచో బాధ్యులపై చర్యలు గైకొనబడును.’

హెడ్మాస్టరు అది రెండుసార్లు చదివి కూర్మారావుకిచ్చారు. కూర్మారావు ‘చివరి వాక్యము’ దగ్గర ఆగిపోయాడు. ‘చిరునవ్వుతో కన్ను మూసినది.’ ఇన్నేళ్లూ ఆ వాక్యాన్ని అందంగా ఎలా చదవాలా అని ఆలోచించాడు తప్ప, అందులో ఒక మనిషి ప్రాణం పోతోందని ఏనాడూ తోచలేదు. కిటికీ అవతల ఆ మనిషి పైడమ్మ పక్కన పీట వేసుక్కూర్చుని బెండకాయలు తరుగుతూ, ఊళ్లో ఎవరి కోడలు ఎలాంటిదో ఆరా తీస్తోంది.

వారం తిరక్కుండా సంయుక్త సంచాలకులు భుజంగరావుగారు స్వయంగా దిగారు. మనిషి బొద్దుగా, మాట నిండుగా ఉంటాయి. ఆయన వెనకాల జవాబుల కీ పట్టుకుని ఓ గుమస్తా. హెడ్మాస్టరు శాలువా కప్పారు. ఆయన ఆ శాలువాతోనే వంటషెడ్డుకి నడిచి పాత్రని తనిఖీ చేశారు.

“అమ్మా, మీరు దయాశీలియేనా?”

“ఎవులి మీద బావూ?”

“సాధారణంగా.”

“సాదారనంగా ఎవులికుంటాదయ్యా? మనిసిని బట్టి ఉంటాది.”

గుమస్తా కీ చూసి పెదవి విరిచాడు. భుజంగరావుగారు గొంతు సవరించుకున్నారు.

“పోనీ, త్యాగమూర్తి అన్న అంశంలో మీ ప్రగతి ఎలా ఉంది? ఆఖరి ముంత ఇచ్చేస్తారు కదా?”

“సగం ఇస్తాను. సగం నాను తాగుతాను. రేపు గంజి కాసీదానికి నానుండాలి కదేటి? నాను సచ్చిపోతే మర్నాడొచ్చినోడికి నువ్వు కాస్తావా?”

భుజంగరావుగారు ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఇలాంటి పాత్రని చూడలేదు. ‘మూల్యాంకనమునకు అనుకూలముగా లేదు’ అని రాయించారు. తర్వాత పాఠంలో చేర్పించే ప్రయత్నం జరిగింది. ఆయన ఆదేశం మీద కూర్మారావు పుస్తకం తెరిచి ‘కుండ అడుగంటినది’ దాకా చదివాడు. పేజీ ఓసారి గాలి పీల్చినట్టు ఉబ్బి, సింగారమ్మ పైటకొంగు పట్టుకుని లాగింది. అదే సమయానికి ఆవిడ బ్రేవుమని త్రేన్చింది. పేజీ ఠక్కున కొంగొదిలేసి ముడుచుకుపోయింది.

భుజంగరావుగారు దీర్ఘంగా ఆలోచించి నిగ్గు తేల్చారు. “పాత్ర పూర్వస్థితిలో లేదు. ఆకలి లోపించింది. కడుపు నిండినవారిని ఆ పాఠం స్వీకరించదు. కనుక ఆకలి పునరుద్ధరణ జరగాలి.”

“అంటే సార్?” అన్నాడు కూర్మారావు.

“అన్నం పెట్టకూడదు. దీనికి మిమ్మల్నే నోడల్ అధికారిగా నియమిస్తున్నాను. ఈలోగా పాత్రకి తన పాత్రలో పునశ్చరణ శిక్షణ కూడా ఇవ్వండి. శిక్షణ లేకుండా చనిపోతే చిరునవ్వు రాకపోవచ్చు.” ఆయన పంచాంగం తెప్పించి చూశారు. “కార్తీక సోమవారం మధ్యాహ్నం దివ్యంగా ఉంది. పునఃప్రవేశం నా సమక్షంలోనే జరగాలి. నేను ఆనాడు ఉపవాసం కూడా.”

సింగారమ్మ బెండకాయలు తరగడం ఆపింది. “పండూపలారం ఏటన్నా తింటావా బావూ?”

“నక్షత్రదర్శనం అయ్యేదాకా మంచినీళ్లయినా ముట్టనమ్మా. డైరెక్టరు పదవి కోసం మొక్కుకున్నాను.”

“అయితే సోమోరమే కానీండి” అంది సింగారమ్మ, మళ్లీ కత్తిపీట ముందుకి లాక్కుంటూ.

శిక్షణ తెలుగు గదిలో జరిగింది. కూర్మారావు గోడకి చార్టు తగిలించాడు. దాని మీద ‘చిరునవ్వుతో కన్నుమూయుట: అభ్యసన ఫలితాలు’ అని పైవాళ్లు పంపిన శీర్షిక. మొదట కుండకి ఆనుకోవాలి. తర్వాత తల కుడివైపు వాల్చాలి. ఆపైన పెదవులు. కుండకి బదులు కుర్చీ పెట్టి అతనే చేసి చూపించాడు. సింగారమ్మ నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చూసింది.

“బాగా సస్తన్నావు బావూ. అలవాటైనోడిలాగున్నావు” అంది.

“మీరూ ఓసారి ప్రయత్నించండమ్మా.”

“ఆకలితో సచ్చినోల్లని ఎప్పుడన్నా సూసినావా?”

కూర్మారావు తల అడ్డంగా ఊపాడు.

“నవ్వరు బావూ” అంది. గోడ మీది చార్టు చూస్తూ, “నోరు ఎండి పల్లు బైటికొస్తాయి. దూరాన్నించి సూసినోడికి నవ్వినట్టుంటాది. మీ పండితులు దూరాన్నించి సూసినారనుకుంటాను” అంది.

అతను కుర్చీ ఎత్తి గోడ వారన పెట్టేశాడు. చార్టు చుట్ట చుట్టేశాడు. ఆ మిగిలిన శిక్షణంతా ఆవిడ పాటలు పాడింది, అతను రాసుకున్నాడు. కొన్ని పాటలు తొమ్మిదో తరగతికి పనికిరావు.

ఇహ ఆకలి పునరుద్ధరణ. కూర్మారావు వంటషెడ్డుకి వెళ్లి పైడమ్మతో ఆజ్ఞ చెప్పాడు. పైడమ్మ గరిటె పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

“మేస్టారూ, ఆకలని వొచ్చినోలికి అన్నం నేదని సెప్పడం నాకు రాదు. మీకొస్తే మీరే సెప్పండి. అదిగో, అక్కడే కూకుంది.”

కూర్మారావు వెళ్లాడు. ఎదురుగా నిలబడ్డాడు. నోడల్ అధికారి హోదాలో గొంతు కూడా సవరించుకున్నాడు.

“ఏటి బావూ?” అంది సింగారమ్మ.

“ఏం లేదమ్మా. వేడిగా ఉంది కదా ఇక్కడ” అని వచ్చేశాడు.

సోమవారం వచ్చింది. ‘శని, ఆదివారములు పాత్రకు ఆహారము నిలిపివేయబడినది’ అని కూర్మారావు సంతకం చేసి పంపించాడు. ఆ ఉదయం ఇంట్లో భార్య వేసిన పెసరట్లు టిఫిను డబ్బాలో పెట్టుకుని, ఎవరూ చూడకుండా సైన్సు గది వెనక్కి వెళ్లాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆజ్ఞ మీరడం ఇదే మొదలు. తీరా వెళ్లేసరికి సింగారమ్మ ముందు పైడమ్మ పెట్టిన ఉడకేసిన గుడ్ల పెంకులు కుప్పగా ఉన్నాయి. ఆ పక్కనే హెడ్మాస్టరు సన్యాసిరావుగారు ఉత్తరీయం చాటున తెచ్చిన అరటిపళ్ల గెల విప్పుతున్నారు. అధికారులిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

“నేను తనిఖీకి వచ్చానయ్యా” అన్నారు సన్యాసిరావుగారు.

“నేనూ అంతే సార్” అన్నాడు కూర్మారావు.

“పెసరట్టా బావూ? అల్లం ఏసినారా?” అంది సింగారమ్మ.

మధ్యాహ్నం సభ పెట్టారు. బల్ల మీద పట్టుగుడ్డ, గుడ్డ మీద ఉపవాచకం. భుజంగరావుగారికి మళ్లీ శాలువా కప్పారు. పొద్దుటినుంచీ పచ్చి గంగ ముట్టని మనిషి, మొహం వడలిపోయి ఉంది. అయినా మాట నిండుదనం తగ్గలేదు. త్యాగం అనేది పాఠ్యప్రణాళికకు వెన్నెముక అని చాలాసేపు మాట్లాడారు. ఆ మాట్లాడుతున్నంతసేపూ పక్కనున్న మైకు ఆయన కడుపులోని గడబిడని కూడా ఊరంతటికీ వినిపించింది.

“ఇక చదవండి, కూర్మారావుగారూ.”

కూర్మారావు పుస్తకం అందుకున్నాడు. ఆవిడ తిన్నదని తెలుసు. ఎంత తిన్నదో కూడా తెలుసు. అయినా భయమే. నాలుగు పెసరట్లు అరిగిపోయి ఉంటే? పేజీకి కాస్త ఆకలి వాసన తగిలితే? దగ్గాడు. కళ్లజోడు తుడిచాడు. కామా దగ్గర కూడా ఫుల్‌స్టాపంతసేపు ఆగాడు. భుజంగరావుగారికి ఓపిక నశించింది.

“అక్షరాలు కనపడటం లేదా ఏమిటండీ? ఏదీ, ఇలా చూపించండి” అని కుర్చీలోంచి లేచి, పేజీ మీదికి వంగి, ఆయనే చదివేశారు. “కుండ... అడుగంటినది.”

పేజీ ఉబ్బింది. సింగారమ్మ వైపు ఓసారి తిరిగి వాసన చూసినట్టు చూసి, మొహం తిప్పేసుకుంది. తర్వాత శాలువా కొస పట్టుకుంది. శాలువా లోపలికి పోయింది. శాలువాతోపాటు మెడ.

“ఇదేమిటిది, ప్రోటోకాల్ ప్రకారం...” అన్న మాట సగంలో ఉండగా సంయుక్త సంచాలకులవారి నల్లబూట్లు ‘చిరునవ్వు’ అనే మాట మీదుగా జారి మాయమైపోయాయి.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కార్యక్రమంలో భాగం అనుకున్నారు.

పుస్తకంలో అక్షరాలు కదిలాయి. కూర్మారావు చదివాడు. ‘అంతట సదరు అధికారి కుండ వద్ద విధులలో చేరిరి. బాటసారులు గంజి కోరగా, వచ్చిన అర్జీలన్నియు పరిశీలనలో ఉన్నవని తెలిపి, ఒక ఉపసంఘమును నియమించిరి.’

హెడ్మాస్టరు ఫోను తీసుకుని పైకి చేశారు. పైవాళ్లు ఇంకా పైకి చేశారు. సాయంత్రానికల్లా ఆజ్ఞ వచ్చింది. భుజంగరావుగారు పాఠంలో ఉన్న కాలం డ్యూటీ కిందే లెక్క. ఆయన్ని బయటికి తీసుకురావాలంటే ఆయన స్థానంలో ఇంకొకరు వెళ్లాలి. ఆ వెళ్లేవారు ఆకలితో ఉండాలి. కనుక శాఖలో ఆకలితో ఉన్న ఉద్యోగి ఎవరున్నా పేరు పంపవలసిందని అన్ని జిల్లాలకీ కబురు వెళ్లింది. అన్ని జిల్లాలూ వెతికాయి. అన్ని జిల్లాలనుంచీ ఒకటే జవాబు వచ్చింది. నిల్ రిపోర్టు.

పాఠం మాత్రం ఆగలేదు. రోజుకో నాలుగు వాక్యాలు ముందుకి జరిగేది. ఉపసంఘం ఓసారి సమావేశమైంది. గంజిని పలచన చేస్తే ఎక్కువమందికి సరిపోతుందని తీర్మానించి, కుండలో నీళ్లు పోయించింది. మళ్లీ సమావేశమై ఇంకా నీళ్లు పోయించింది. బాటసారులు గంజికుండలో తమ మొహాలు చూసుకుని తలలు దువ్వుకున్నారు. భుజంగరావుగారి ఉపవాసం కూడా తెమల్లేదు. ఆ పాఠంలో ఎప్పుడూ మధ్యాహ్నమే, చుక్క పొడిచే దారి లేదు. పరీక్ష ముందురోజుకి కుండలో ఒక్క ముంతే మిగిలింది. ఆఖరి బాటసారి దూరాన కనిపించాడు.

సన్యాసిరావుగారు మళ్లీ ఫోను చేశారు. “సార్, వచ్చే వాక్యంలో జె.డి. భుజంగరావుగారు పోయేలా ఉన్నారు సార్.”

అవతలివారు నింపాదిగా జవాబిచ్చారు. “చివరి వాక్యం నెరవేరడం ముఖ్యమండీ. ఎవరు నెరవేర్చారన్నది సాంకేతిక అంశం. కీలో పేరు సవరిస్తాం. ‘సింగారమ్మ’ అన్నచోట ‘భుజంగరావు’ అని చదువుకొనగలరు.”

ఫోను స్పీకరులో ఉంది. అందరూ విన్నారు. కూర్మారావు పుస్తకం మూసెయ్యబోయాడు. మూస్తే మాత్రం ఆ వాక్యం ఆగుతుందా? గుమ్మంలో నిలబడ్డ సింగారమ్మ లోపలికొచ్చింది.

“ఏటి, ఆ పెద్దబాబు సచ్చిపోతాడేటి?”

“అలాగే ఉందమ్మా.”

“నన్ను పంపమంటే ఎల్తాననుకున్నారేటి?”

“లేదమ్మా. మిమ్మల్ని ఎవరూ పంపరు. కావాలంటే నేనే...” అన్నాడు కూర్మారావు. అని తానే ఆశ్చర్యపోయాడు. “నిన్న సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు. నన్ను తీసుకోవచ్చు.”

సింగారమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నెత్తి కొట్టుకుంది.

“మీరు సదువుకున్నోలేనా బావూ? పండితులంట, డైరెట్రులంట, జిల్లాలంట! ఇన్నాల్లనించీ ఆ పొత్తకంలోకి ఏ మనిసిని తొయ్యాలా అని మీటింగులెట్టినారు గానీ, ఒక్కడంటే ఒక్కడు, ఓ క్యారేజీ పంపుదామని అనుకున్నాడేటి? అక్కడ నేంది మనిసి కాదురా, కూడు! ఓలే పైడమ్మా, పెద్ద క్యారేజీ తే!”

తప్పు పట్టుకోడానికి అందులో ఎవరికీ ఏ మాటా దొరకలేదు.

పైడమ్మ క్యారేజీ నింపుకుని పరిగెత్తుకొచ్చింది. అన్నం, సాంబారు, వంకాయ కూర, ఆవకాయబద్ద. కూర్మారావు ఆ వాక్యం చదివాడు. సింగారమ్మ క్యారేజీ పేజీ మీద పెట్టింది. పేజీలోంచి బంగారు గొలుసు గడియారం కట్టుకున్న చెయ్యొకటి సర్రున పైకొచ్చి, క్యారేజీ అందుకుని కిందికి పోయింది. అక్షరాలు గబగబా మారిపోయాయి. కూర్మారావు గుక్క తిప్పుకోకుండా చదివాడు.

‘సదరు అధికారి క్యారేజీని స్వీకరించి, నక్షత్రదర్శన నిబంధనను తాత్కాలికముగా సడలించి, నాణ్యతా పరిశీలన నిమిత్తము మొదటి గిన్నె రుచి చూచిరి. సంతృప్తికరముగా నుండుటచే రెండవ గిన్నెను సైతము పరిశీలించిరి. మూడవ గిన్నె పరిశీలన కొనసాగుచున్నది. ఆవకాయబద్ద విషయమై...’

వాక్యం పూర్తి కాకముందే పేజీలోంచి పెద్ద త్రేన్పు వినిపించింది. పుస్తకం ఓ కుదుపు కుదిపి, కడుపు నిండిన మనిషిని ఉంచుకోలేక బయటికి తోసేసింది. భుజంగరావుగారు శాలువాతో సహా నేలమీద పడ్డారు. చేతిలో ఖాళీ క్యారేజీ. మీసాల మీద ఆవపిండి.

లేచి, బూట్లు దులుపుకుని, గొంతు సవరించుకున్నారు. “క్షేత్రస్థాయి పరిశీలన విజయవంతంగా ముగిసింది. పాఠంలో కరువు తృప్తికరంగా ఉంది.”

సింగారమ్మ క్యారేజీ మూత తీసి చూసింది. అడుగున మెతుకు లేదు.

“ఇదేటి? ఒక్కడివే తినీసినావా?”

“అది పరిశీలన...”

“అంతమంది అరుగు మీద కూకుంటే, ఆల్ల మద్దిన కూకుని ఒక్కడివే తినీసినావా!”

అంత పెద్ద అధికారి అంత పెద్ద గొంతు ముందు చిన్నబోవడం జీడివలస మొదటిసారి చూసింది. ఆయన ‘ఉపసంఘం’ అనబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నారు. లోపలికి మళ్లీ పంపుదామంటే కడుపు నిండిన మనిషి, పట్టడు. సింగారమ్మ పైడమ్మకి సైగ చేసింది. ఇద్దరూ కలిసి సాంబారు గుండిగ, అన్నం బేసిను మోసుకొచ్చి బల్ల పక్కన పెట్టారు. ఆవిడ సంచాలకులవారి శాలువా లాగి నడుముకి బిగించి కట్టి, చేతికి గరిటె ఇచ్చింది.

కూర్మారావు పేజీ తిప్పి పట్టుకున్నాడు. పుస్తకంలోంచి ఓ ఆకుదొన్నె పైకొచ్చింది. భుజంగరావుగారు వడ్డించారు. దొన్నె కిందికి వెళ్లింది. ఇంకోటి వచ్చింది. ఆ వెనక ఇంకోటి. పదేళ్ల కరువు కదా, వరస సాగుతూనే ఉంది. ఒక్కొక్క దొన్నె దిగుతున్నకొద్దీ కింది వాక్యాలు ఒక్కొక్కటే వెలిసిపోసాగాయి. ‘కుండ అడుగంటినది’ పోయింది. కాసేపటికి ‘చిరునవ్వుతో కన్ను మూసినది’ అన్నదీ రాష్ట్రంలో ఉన్న పుస్తకాలన్నింట్లోంచీ ఒకేసారి చెరిగిపోయింది. అందరూ తిన్నాక చావడానికి ఎవరి అవసరమూ లేకపోయింది. ఫోనులో పైనున్నవారు త్యాగం లేని పాఠానికి ప్రశ్న ఎలా అడుగుతామని, ఆ ఎనిమిది మార్కులూ రద్దు చేస్తున్నామని అరుస్తున్నారు. సన్యాసిరావుగారు ‘చిత్తం సార్’ అంటూనే, జీవితంలో మొదటిసారి, తనంతట తానే ఫోను కట్టేసి అప్పడాల బుట్ట అందుకున్నారు.

భుజంగరావుగారికి చెమటలు పట్టాయి. వడ్డన అలవాటు లేని చెయ్యి, గరిటె పైపైనే ముంచి పలచటి పులుసు పోస్తున్నారు. సింగారమ్మ పీట వేసుక్కూర్చుని, ఒక్కొక్క దొన్నెనీ మెడ సాచి చూస్తోంది.

“అడుగునించి కలిపి ఎయ్యి బావూ” అంది. “ముక్కలన్నీ అడుగునే ఉంటాయి.”